రాజధానిలో రాజవీథి, పట్టణంలో రహదారి రేఖ

వీథులన్నీ రాకపోకల కొరకే ఏర్పడతాయి. రాజధానిలోని ఒక ప్రధాన వీథికి మాత్రం మరొక ప్రయోజనం కూడ ఉంటుంది. గణతంత్ర దినోత్సవ కవాతులు, విదేశీ అతిథుల స్వాగతాలు, జాతీయ నాయకుల అంతిమయాత్రలు ఆ వీథిలోనే సాగుతాయి. అటువంటి వీథిని రాజవీథి అనవచ్చును. భివండీలో రాజవీథి లేదు. అయితే రాజవీథి అయినా, పట్టణంలో విస్తరించే సామాన్య రహదారి అయినా, మొదట పటం మీద ఒక గీతగానే పుడుతుంది. ఆ గీత క్రింద ఎవరి నేల ఉన్నది, వారికి ఏమి దక్కుతుంది అనే ప్రశ్న రెండింటికీ సమానమే.

దిల్లీ: చూపు కొరకు వేసిన బాట

1911 డిసెంబరు 12న దిల్లీ దర్బారులో ఐదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుండి దిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించాడు. ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ అనే వాస్తుశిల్పులు క్రొత్త నగరానికి రూపకల్పన చేశారు. రైసినా గుట్ట మీది వైస్రాయి భవనం నుండి నేటి ఇండియా గేటు వరకు సుమారు మూడు కిలోమీటర్ల తిన్నని వీథిని కింగ్స్‌వే అన్నారు. స్వాతంత్ర్యానంతరం అది రాజ్‌పథ్ అయినది. పునర్నిర్మాణం తరువాత 2022 సెప్టెంబరులో కర్తవ్య పథ్ అనే పేరుతో ప్రారంభమయినది.

ఆ వీథి రూపకల్పనలో ముఖ్యమైనది దృశ్యం. ఒక కొననుండి చూచినపుడు ఎదుటి కొనన ఉన్న భవనం అడ్డు లేకుండ కనబడవలెను. లుట్యెన్స్ కోరినదీ అదే. కాని సచివాలయ భవనాల నడుమ గుట్ట ఎక్కే దారికి నిర్ణయించిన వాలు నిటారుగా ఉండుటవలన, నడచి దగ్గరకు వచ్చేకొద్దీ భవనం క్రుంగిపోయినట్లై శిఖరం మాత్రమే మిగులుతుంది. ఈ విషయమై ఇద్దరు శిల్పులకూ తీవ్ర వివాదం జరిగినది. గీత ఒకసారి ఖాయమైన తరువాత లుట్యెన్స్ అంతటివాడు కూడ దానిని మార్పించలేకపోయాడు.

ఇద్దరు శిల్పుల వివాదం వాస్తు గ్రంథాలకు ఎక్కినది. రైసినా, మాల్చా గ్రామాల రైతుల గోడు అంతగా ఎక్కలేదు. 1894 నాటి భూసేకరణ చట్టం క్రింద వారి నేలలను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. గీత ఎక్కడ పడవలెనో వారిని అడిగిన వారు లేరు.

అమరావతి: రైతుల నేల మీద పచ్చని వెన్నెముక

శతాబ్దం గడచిన తరువాత ఆంధ్రప్రదేశ్ నూతన రాజధానికి 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగినది. 217 చదరపు కిలోమీటర్ల నగరంలో ప్రభుత్వ భవన సముదాయానికి ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ ప్రణాళిక రూపొందించినది. ఆ సముదాయం ఐదున్నర కిలోమీటర్ల పొడవు, సుమారు ఒక కిలోమీటరు వెడల్పు గలది. దాని నడుమ వెన్నెముకవలె పచ్చని మేఖల సాగుతుంది.

ఇక్కడ భూమి సమకూరిన పద్ధతి వేరు. భూసమీకరణ విధానంలో రైతులు 33,000 ఎకరాలకు పైగా అప్పగించారు. మెట్ట భూమి ఎకరానికి 1,000 చదరపు గజాల నివాస స్థలం, 250 చదరపు గజాల వాణిజ్య స్థలం ఇచ్చుటకు ప్రభుత్వం అంగీకరించినది. జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్ల పాటు వార్షిక కౌలు అదనం. అయితే 2019 తరువాత పనులు ఏళ్ల తరబడి నిలిచిపోయినవి. నేల ఇచ్చినవారు రోడ్లూ నీరూ లేని స్థలాలతో నిరీక్షించవలసి వచ్చినది. 2025 మే 2న పనులు పునఃప్రారంభమయినవి. పరిహారం ఎంత అనే ప్రశ్నతో పాటు ఎప్పుడు అనే ప్రశ్న కూడ ముఖ్యమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

భివండీ: గీత పడే వేళ

దిల్లీలోను, అమరావతిలోను రాజవీథి పొలాల మీద వచ్చినది. భివండీ వంటి నగరంలో రహదారి విస్తరణ నడుస్తున్న సాంచాల మీదికీ, దుకాణాల మీదికీ వస్తుంది. మహారాష్ట్రలో దీనికి ఆధారం 1966 నాటి ప్రాంతీయ, నగర రచనా చట్టం. ఆ చట్టం ప్రకారం మునిసిపల్ కార్పొరేషన్ డెవలప్‌మెంట్ ప్లాన్ ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలను, సూచనలను ఆహ్వానిస్తుంది. ప్రణాళికా కమిటీ వాటిని విచారిస్తుంది. తరువాత ప్లాన్ రాష్ట్ర ప్రభుత్వ ఆమోదానికి వెళుతుంది. ఆమోదం పొందిన గీతను మార్చుట మిక్కిలి కష్టం.

ప్లాన్‌లో రహదారికి చూపిన నేలను మూడు విధాల పొందవచ్చును: పరస్పర అంగీకారంతో మూల్యం చెల్లించి, బదిలీ చేయదగిన నిర్మాణ హక్కు, అనగా టీడీఆర్ ఇచ్చి, లేదా భూసేకరణ చట్టం ద్వారా. టీడీఆర్ పత్రంతో యజమాని నిబంధనలకు లోబడి మరొకచోట అదనపు నిర్మాణం చేయవచ్చును, లేదా ఆ హక్కును విక్రయించవచ్చును.

ఇక్కడ అద్దెదారులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. టీడీఆర్ సాధారణంగా స్థల యజమాని పేర వస్తుంది. అద్దె షెడ్డులో సాంచాలు నడిపేవారికి, వాటిపై పనిచేసే కార్మికులకు అది సాధారణంగా చేరదు. 2013 నాటి భూసేకరణ చట్టం మాత్రం, సేకరణకు మూడేళ్ల ముందునుండి ఆ ప్రాంతంలో పని చేస్తూ దానిపైనే ప్రధానంగా జీవించే కుటుంబాలను కూడ ప్రభావిత కుటుంబాలుగా పరిగణిస్తుంది. నేల ఏ మార్గంలో సేకరించబడుతుంది అనుదానిపై కార్మికుని స్థితి ఆధారపడి ఉన్నదన్నమాట.

అందువలన ముసాయిదా ప్రకటన వెలువడిన వేళ పద్మనగర్ వంటి పేటలలోని నివాసులు తమ వీథి పటాన్ని స్వయంగా చూచుట మంచిది. అభ్యంతరం తెలుపుటకు స్థల యజమాని అయి ఉండనక్కరలేదు. ఎవరైనను గడువులోపల వ్రాతపూర్వకంగా తెలుపవచ్చును. అర్జీలో సర్వే సంఖ్య, పటంలో చూపిన రహదారి వెడల్పు, ఆ స్థలంలో నడుస్తున్న సాంచాల సంఖ్య, వాటిపై ఆధారపడిన కుటుంబాల వివరం ఉండవలెను. అద్దె రసీదు, విద్యుత్ బిల్లు ప్రతులను జతపరచి, దాఖలు చేసిన అర్జీకి అందినట్లు ముద్ర వేయించుకొని భద్రపరచుకొనవలెను.