తాళము ఆగదు, గాలి వినదు

సంక్రాంతి దినములలో హైదరాబాదు మిద్దెలపై ఎగురు పతంగులకు ఒక్కటే దారము, ఒక్కటే లక్ష్యము. ఎదుటివాని దారమును కోసినవాడు గెలిచినట్లు; తెగిన పటము ఏ చెట్టుకొమ్మకు చిక్కినను అడుగువాడు లేడు. కాని పాశ్చాత్య దేశములలో పటమునకు రెండేసి, నాలుగేసి దారములు కట్టి, దానిని సంగీతమునకు అనుగుణముగా ఆడించు విద్య యొకటి గడచిన ఏబదియేండ్లలో పెంపొందినది. దానిని గాలిపటముల బాలే అందురు. బాలే యనగా ఐరోపావారి నృత్యరూపకము. ఇందు నర్తకి స్థానమున పటమును, రంగస్థలమునకు మారుగా ఆకాశమును ఉండును. రెండు చేతులతో దారములు పట్టి నేలపై నిలిచినవాడే నట్టువాంగము చేయువాడు.

ఇంతవరకు వినుటకు సులభముగనే యున్నది. చిక్కంతయు గాలితో వచ్చును. కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుని ముఖము చూచి హెచ్చుతగ్గులు సర్దుకొనగలడు. యంత్రమునుండి వచ్చు పాట ఎవరి ముఖమును చూడదు. మూడు నిమిషముల పాట మూడు నిమిషములకే ముగియును. గాలియో, ఆ మూడు నిమిషములలోనే మూడు విధముల మారును. ఒకరికొరకు ఆగని తాళమునకును, ఒకరి మాట వినని గాలికిని నడుమ నిలిచినవాడు ముందుగా రచించుకొనదగిన దేమున్నది? గాలి యెట్లుండిన అట్లు ఆడించిన చాలదా యని తోచుట సహజమే. అయితే ఈ విద్యలో ఆరితేరినవారి పద్ధతి దీనికి కేవలము విరుద్ధము. గాలి నిలుకడలేనిది గనుకనే వారు తమ ఆటను మఱింత శ్రద్ధతో ముందుగా రచించుకొందురు.

పలు దారముల పటము నిన్న మొన్న పుట్టినది కాదు. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జార్జి పోకాకు అను బడిపంతులు, గాలిపటములు లాగెడి బండికి 1826లో పేటెంటు పొందెను. గుఱ్ఱములు లేని ఆ బండిని నడపిన పటములకు నాలుగు దారములుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా నౌకాదళమునకై పాల్ గార్బరు నిర్మించిన రెండు దారముల పటము, శత్రువిమానమువలె మెలికలు తిరుగుచు, తుపాకి అభ్యాసము చేయు నావికులకు గురిగా ఉపయోగపడెను. 1972లో ఇంగ్లీషువాడైన పీటరు పావెలు తయారుచేసిన పటము ఈ విద్యను పిల్లల చేతికిని పెద్దల చేతికిని అందించెను. 1980 దశకము చివర అమెరికాలోని హాడ్జికీ సోదరులు ముందునకే గాక వెనుకకును పోగల, ఆకాశమున ఒక్కచోట ఆగి నిలువగల నాలుగు దారముల పటమును రూపొందించిరి. యుద్ధమున గురిగా నిలిచిన వస్తువు నాట్యమునకు పనికివచ్చుట లోకమున తఱచు జరుగు సంగతి కాదు.

ఇక రంగస్థలము సంగతి. ఆడించువాడు గాలికి వీపు పెట్టి నిలుచును. అతని యెదుట, దారముల పొడవే వ్యాసార్ధముగా, గోళములో నాలుగవ వంతు వంటి ప్రదేశ మేర్పడును. పటము తిరుగగలిగినది ఆ మేర లోపలనే. దానిని గాలి కిటికీ యందురు. కిటికీ నడుమ, నేలకు కొంచెము పైగా, గాలి పటమును నిండుగా తాకును. అచ్చట వేగమును హెచ్చు, లాగుడును హెచ్చు. కుడియెడమల అంచులకు గాని నడినెత్తికి గాని పోయినకొలది బలము సన్నగిల్లి పటము మెల్లపడును. కావున ఆకాశమున అన్ని తావులును ఒక్కటి కావు. పాటలో ఉద్ధతమైన భాగమునకు నడిమి తావును, విలంబమునకు అంచులను వాడుకొనుట రచనలో మొదటి పాఠము.

లెక్క వేసి చూచిన విషయము తేటపడును. దారముల పొడవు 100 అడుగులనుకొందము. పటము నడుమనుండి ఎడమకు 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు తిరిగినచో, ఒక అంచునుండి మఱియొక అంచునకు పోవలసిన దూరము ఇంచుమించు 210 అడుగులు. పిల్లగాలిలో సెకండుకు సగటున 15 అడుగులు సాగినచో ఆ పయనమునకు 14 సెకండ్లు పట్టును. గాలి పెరిగి వేగము 30 అడుగులైనచో 7 సెకండ్లకే అది ముగియును. పాటలో ఆ చరణమునకు కేటాయించినది 14 సెకండ్లే గదా. మిగిలిన 7 సెకండ్లు పటము ఏమి చేయవలెను? అంచున ఊరక నిలుచుట యొక ఉపాయము. కాని అది నర్తకి చరణము నడుమ అలసి ఆగినట్లుండును. త్రోవలో 33 అడుగుల వ్యాసము గల సున్నలు రెండు చుట్టినచో దూరము మఱి 207 అడుగులు పెరిగి, పటము సరిగా తాళమునకు చేరును. కాగితముపై వ్రాసికొనవలసినది ‘ఎడమనుండి కుడికి’ అను ఒక్క గీత కాదన్నమాట. పిల్లగాలికి గీత, నడిమి గాలికి గీతయు ఒక సున్నయు, పెనుగాలికి గీతయు రెండు సున్నలును. బయలుదేరు చోటును చేరు చోటును మూడింటికి ఒక్కటే. నడుమ మాత్రమే మార్పు.

తెలుగువారికి ఇచ్చట అవధానము స్ఫురింపక మానదు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరము పలుకగానే, తరువాతి యక్షరము ఇది కారాదని పృచ్ఛకుడు అడ్డుకట్ట వేయును. ఛందస్సు మారరాదు, యతి తప్పరాదు, భావము చెదరరాదు. మార్చుకొనుటకు మిగిలినది పదము మాత్రమే. నిషేధము వచ్చిన పిదప పదమును వెదకబోవువాడు అవధాని కాజాలడు; ఒక్క భావమునకు పది మాటలు అతని నోట ముందే నిలిచియుండవలెను. గాలియు అట్టి పృచ్ఛకుడే. పటము పైకెక్కబోవు వేళ అది చప్పున సన్నగిల్లి ‘ఇప్పుడు కాదు’ అనును. ఉన్నట్టుండి వీచు విసురు అప్రస్తుత ప్రసంగి వంటిది. దానికి బదులు చెప్పియు పద్యమును మరువకుండవలెను. పోలిక ఇంతటితో ఆపుట మేలు. పృచ్ఛకుడు సహృదయుడైనచో ఒకప్పుడు దయ చూపును. గాలికి ఆ గుణము లేదు.

వేగమును సరిచేయుటకు మఱియొక సాధనము ఆడించువాని కాళ్లు. పటము సొంత నడకను పక్కకు పెట్టి చూతము. గంటకు 4 మైళ్ల గాలిలో అతడు 3 మైళ్ల వేగముతో వెనుకకు నడచినచో పటమునకు తగులు గాలి 7 మైళ్లదగును. గాలి బలము వేగపు వర్గమును అనుసరించి పెరుగును గనుక 16 పాళ్లుండవలసినది 49 పాళ్లగును. అనగా మూడు రెట్లు. 15 మైళ్ల గాలిలో అదే నడకతో పటమువైపు సాగినచో తగులునది 12 మైళ్ల గాలియే. బలము మూడవ వంతునకు పైగా తగ్గును. అయితే వెనుకకు నడచుటకు వెనుక నేల యుండవలెను గదా! పోటీ మైదానమునకు హద్దులు కలవు. అందుచేత పిల్లగాలికి వ్రాసికొన్న రచనలో ప్రతి వెనుకడుగునకు ఒక ముందడుగు లెక్కకు రావలెను. పటము పైకెక్కునపుడు వెనుకకు నడచి, అది దిగునపుడు ముందునకు వచ్చి, పోయిన నేలను తిరిగి సంపాదించుకొందురు. చూపరుల కన్నులు ఆకాశముననే యుండుటచేత క్రింద జరుగు ఈ పాదవిన్యాసమును గమనించువారు తక్కువ.

మైదానమునకు వచ్చువాడు ఒక్క పటముతో రాడు. పిల్లగాలికి పలుచని గుడ్డతో, సన్నని కార్బను పుల్లలతో చేసిన పటము వేరు. 8 అడుగుల రెక్కలున్నను దాని బరువు పావుకిలోకు అటునిటుగా మాత్రమే యుండును. పెనుగాలికి రెక్కలలో వలగుడ్డ కుట్టిన పటము వేరు. వచ్చిన గాలిలో కొంత వలకన్నులగుండా జారిపోయి లాగుడు తగ్గును. దారములును అట్లే. సన్నని దారము గాలికి తక్కువ అడ్డు. కాని బలమైన గాలికి ఆగదు. మన పిల్లలు పటమునకు కట్టు సూత్రము వంటిది వీనికిని కలదు. దాని ముడిని అర అంగుళము జరిపినను పటము గాలికి ఒరగు కోణము మారి నడకయే మారిపోవును.

గాలిని కొలుచు చిన్న యంత్రములు నేడు దొరకుచున్నను, చెట్టును జెండాను చూచి చెప్పుట అనుభవజ్ఞులకు అలవాటు. బ్రిటిషు నౌకాధికారి ఫ్రాన్సిసు బోఫర్టు 1805లో గాలికొక కొలమానము ఏర్పరచెను. నేలమీది గుర్తులు దానికి తరువాతి కాలమున చేరినవి. ఆకులు గలగలలాడి ముఖమునకు గాలి తెలియునపుడు గంటకు 4 మొదలు 7 మైళ్లు. ఆకులును రెమ్మలును ఎడతెగక కదలి పలుచని జెండా విప్పుకొన్నపుడు 8 మొదలు 12. దుమ్మును కాగితపు ముక్కలును లేచినపుడు 13 మొదలు 18. ఈ పరీక్షను విద్యార్థులు బడి ఆవరణలోనే చేసి చూడవచ్చును, గోడల చాటున మాత్రము నిలువరాదు. కట్టడమునకు వెనుక, దాని ఎత్తునకు పలు రెట్ల దూరము వరకు గాలి చెదరి సుడులు పడును. పటముల ఉత్సవములు అమెరికాలోని లాంగ్ బీచి, ఫ్రాన్సులోని బెర్క్ వంటి సముద్రతీరములను ఆశ్రయించుటకు ఇదియే కారణము. నీటిమీదుగా వచ్చు గాలికి అడ్డములేదు. అది సమముగా వీచును.

కొన్ని చేష్టలు కొన్ని గాలులకే చెల్లును. దారములను చటుక్కున వదులుచేసి పటమును వెల్లకిల తేలించుట పిల్లగాలిలో మనోహరము. పెనుగాలిలో వదులుచేసిన క్షణముననే గాలి దారమును తిరిగి బిగించివేయును. చదరపు మలుపులును, నేలకు జానెడెత్తున సాగు పరుగును బలమైన గాలిలో రాణించును. అందుచేత పలువురు ఒక్క పాటను నమ్ముకొనక, మెల్లని గాలికి ఒకటి, ఉరవడి గాలికి ఒకటి సిద్ధపరచుకొందురు. పెనుగాలిలో విలంబగీతమునకు పటమాడించుట తుపానులో జోల పాడినట్లుండును. ముగింపు విషయమున మఱియొక మెలకువ కలదు. పాట కడపటి స్వరమునకు పటము రెండు రెక్కల కొనలపై నేలమీద నిలువవలెను. కావున రచనను చివరినుండి వెనుకకు అల్లుకొని వత్తురు. ఆ దిగు తావు గాలి బలముగ నున్నపుడు లాగుడు తక్కువైన అంచునకు, మందముగ నున్నపుడు నడుమకు మార్చబడును. ఆ తావునకు ముందు కొన్ని సెకండ్లను కావలసినంత సాగదీయుటకో కుదించుటకో వీలుగా ఖాళీగా ఉంచుకొందురు. ఆ ఖాళీ లేని రచన కాగితముపై ఎంత అందముగ నున్నను మైదానమున నిలువదు.

నలుగురైదుగురు కలిసి ఆడించు జట్టులో ఈ భారమంతయు నాయకునిది. అతడు బిగ్గరగా ఒక్కొక్క పేరు పలుకును. తక్కినవారు ఆ పేరు వినగనే ఆ విన్యాసమును చేయుదురు. దారములు ఒకదానినొకటి చుట్టుకొన్నను, నున్నవి గనుక జారుచునే యుండును. కాని వేసిన మెలిక విప్పకుండ ముందునకు పోరాదు. గాలి మారినదని తోచి నాయకుడు ఒక విన్యాసమును విడువదలచినచో, దానితో ముడిపడిన విప్పుడును అతని మనసున ఉండవలెను.

కెనడాలోని వాంకూవరు నగరవాసి రే బెతెల్ మూడు పటములను ఒక్కడే ఆడించెను. చేతికొకటి; మూడవదాని దారములు నడుమునకు కట్టుకొని, నడుము త్రిప్పి దానిని నడపెడివాడు. గాలి తగ్గినచో మూడును ఒక్కమారే తగ్గును, విసిరినచో మూడును ఒక్కమారే లాగును. ఎనుబదియేండ్ల వయసున ఆయన ఆడించిన బాలేలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది ఫ్రెంచి స్వరకర్త లియో దెలీబు రచించిన ‘లక్మే’ సంగీతరూపకములోని పూలపాటకు చేసినది. 1883లో పారిసులో తొలిసారి ప్రదర్శింపబడిన ఆ రూపకమున కథ జరుగునది భారతదేశమున. ఆ పాటను పాడువారు లక్మేయు, ఆమె పరిచారిక మల్లికయు. ఇద్దరు స్త్రీలు కలిసి పాడు మెల్లని పాట యది. పటములు మూడును దానికి తగినట్లు కలిసి తేలి, విడిపోయి, తిరిగి కలియును. బెతెల్‌కు వినికిడి లేదు. అందుచేత ఆట ముగిసినపుడు తీరమున చేరినవారు చప్పట్లు కొట్టక, రెండు చేతులును పైకెత్తి ఊపెడివారు.