పాత ప్రింటర్ పిచ్చి గుర్తులు ముద్రిస్తోందా?

సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా సరుకు చలానుకు కార్బన్ నకళ్లు ఒకేసారి కావాలంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే దిక్కు. దాని సూదుల దెబ్బ అడుగు కాగితం దాకా చేరుతుంది. అది ఉన్నట్టుండి పిచ్చి గుర్తులు ముద్రిస్తే వెంటనే పారేయనక్కర్లేదు. లోపం ప్యారలల్ పోర్టు అమరికలోనో, కేబుల్‌లోనో ఉండొచ్చు.

ఈ పోర్టు ఒక అక్షరంలోని 8 బిట్లను 8 తీగల్లో ఒకేసారి పంపుతుంది. ‘స్ట్రోబ్’ తీగ అక్షరం సిద్ధమని చెబుతుంది, ‘బిజీ’ తీగ ఆగమంటుంది. ఇంగ్లిష్ ‘ఎ’ సంకేతం 65, ‘సి’ సంకేతం 67. తేడా ఒక్క బిట్టే. అందుకే ఒక్క తీగ చెడినా ‘ఎ’ బదులు ‘సి’ పడవచ్చు.

మొదటి పద్ధతి ఎస్‌పీపీ. వేగవంతమైన ఈపీపీ, ఈసీపీ పద్ధతులకు 1994లో ఐఈఈఈ 1284 ప్రమాణం చోటిచ్చింది. పాత ప్రింటర్‌కు ఇవి సరిపడకపోతే కంప్యూటర్ బయోస్‌లో ఎస్‌పీపీని ఎంచుకోవాలి. కొన్నింటిలో దాని పేరు ‘నార్మల్’.

తర్వాత కేబుల్ చూడాలి. కంప్యూటర్ వైపు 25 పిన్నులు, ప్రింటర్ వైపు 36 ఉంటాయి. 1284 కేబుల్‌లో ప్రతి సంకేత తీగకూ ఒక గ్రౌండ్ తీగను మెలిపెడతారు. అందుకే అది 10 మీటర్ల దాకా పనిచేస్తుంది. మామూలు కేబుల్ 2 మీటర్లు దాటకపోవడం మేలు.

సూరత్ శివారు డుమస్ వంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. వాటిని తుడిచే ముందు, కేబుల్ తీసే ముందు రెండు యంత్రాలకూ కరెంటు ఆపాలి.