వ్యాధిగ్రస్తమైన ఊసరవెల్లి పిల్ల

చెట్టుకొమ్మలపై బ్రతుకు చిన్న జంతువునకు తన బలహీనతను బయటపెట్టుకొనుట ప్రాణాంతకము. పైనుండి పక్షియు, ప్రక్కకొమ్మనుండి పామును పొంచియుండగా, సోలుచు తూలుచు కనబడినదే మొదట వాని పాలబడును. ఊసరవెల్లి అట్టి ప్రాణి. యుగయుగములుగా దాని శరీరము రోగమును దాచుకొనుటకే అలవడినది కావున, ఏ శత్రువును లేని పంజరములో, తన్ను ప్రేమతో పెంచువారి యెదుట సైతము అది ఆ అలవాటును విడువదు. పిల్ల మేత మానినదనియో, పట్టపగలు కన్నులు మూసుకొన్నదనియో ఇంటివారు గుర్తించునప్పటికి వ్యాధి మొదలై చాల దినములు, ఒక్కొక్కప్పుడు వారములు, గడచియుండును. అందుచే దీనిని పెంచువారికి ఔషధజ్ఞానముకంటె ముందు కావలసినది పరిశీలనము. మఱియొక మాట: పిల్ల ఊసరవెల్లికి కలుగు రోగములలో అధికభాగము పంజరములోని వెలుతురునందో, నీటియందో, మేతయందో పుట్టినవే, ఆ మూడింటిని చక్కబరుపక ప్రాణికి మాత్రమే మందు పోయుట వ్యర్థమని నా నిశ్చితాభిప్రాయము.

ప్రపంచమున రెండువందలకు పైగా ఊసరవెల్లి జాతులు కలవు. వానిలో దాదాపు సగము మడగాస్కరు ద్వీపమున నివసించును. అమెరికా, ఐరోపా దేశములలో పెంపుడు జంతువులుగా అమ్ముడగువానిలో మిక్కిలి వ్యాప్తిగలది యెమెను దేశమునందును, సౌదీ అరేబియా నైరృతి భాగమునందును పుట్టిన జాతి. తలపై నిలువుగా లేచిన ఎత్తైన శిఖవలన దానిని సులభముగా గుర్తింపవచ్చును. అంగళ్లలో దానిని వెయిల్డ్ కమీలియన్ అందురు. తరువాత చెప్పదగినది మడగాస్కరుకు చెందిన పాంథర్ కమీలియన్. ఆ దేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, అంగటిలో ఈ విచిత్రజీవిని చూచి ముచ్చటపడిన పిల్లల కోరికను కాదనలేక కొనిపెట్టిన తలిదండ్రులను ఈ వ్యాసము ముఖ్యముగా ఉద్దేశించినది. మన దక్షిణాపథమునను, సింహళమునను కనబడు దేశీయ ఊసరవెల్లి మాట వేరు. మన దేశమున అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితము. దానిని పట్టుటగాని, పెంచుటగాని నేరము. అది విషజంతువనెడు భ్రాంతితో దానిని రాళ్లతో కొట్టి చంపువారు ఇప్పటికిని కలరు. ఊసరవెల్లికి విషము లేదు. చంపదగిన కారణమేదియు లేదు.

గుడ్డునుండి వెలువడిన యెమెను జాతి పిల్ల తోకతో కలిపి 7, 8 సెంటిమీటర్లకంటె పెద్దగా ఉండదు. అదియే ఏడాది నిండునప్పటికి, మగదైనచో, 40 సెంటిమీటర్లు దాటవచ్చును. ఎముకయు కండయు ఇంత వేగముగా పెరుగు దశలో ఆహారలోపము పెద్దజంతువునందువలె నెలలకొలది కాచుకొని యుండదు. కొన్ని వారములలోనే అవయవములు వంకరలు తిరుగును. కనుకనే పిల్లదశలోని అస్వస్థతను అత్యవసరముగా ఎంచవలెను.

ఆరోగ్యముగల పిల్ల పగలంతయు కన్నులు తెరచియే యుండును. ఆ కన్నులు రెండును దేనికది స్వతంత్రముగా తిరుగుచు, ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు దృష్టి సారించుచు, కీటకము కనబడినంతనే రెండును ఒకేచోట నిలుచును. ఈ చాంచల్యము తగ్గుటయే తొలి సూచన. పగటివేళ కన్నులు మూసుకొని కూర్చుండుట రోగలక్షణమని తలపవలెను. అలసి కునుకు తీయుట ఊసరవెల్లి స్వభావము కాదు. కన్నులు లోపలికి గుంటలు పడుట, కొమ్మను పట్టు పాదములలో పట్టు సడలుట, ఎత్తున ఉండవలసిన ప్రాణి పంజరపు అడుగునకు దిగి అచ్చటనే నిదురించుట, ఇవి ఇంకను ప్రమాదకరములు.

అందరును రంగును చూచి రోగమును నిర్ణయింపబోవుదురు గాని, రంగు ఒక్కటియే నమ్మదగిన సాక్షి కాదు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయమునకు చెందిన మిషెల్ మిలింకోవిచ్ మొదలగు శాస్త్రజ్ఞులు పాంథర్ కమీలియన్ చర్మమును పరిశోధించి, అందలి కొన్ని కణములలో గువానీను అను పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికములు జాలకమువలె అమరియున్నవనియు, జంతువు ఉద్రేకించినప్పుడు ఆ స్ఫటికముల నడిమి దూరము మారుటచే పరావర్తనమగు కాంతి మారుననియు నిరూపించిరి. ఉద్రేకము, భయము, చలి, నిద్ర, వీనిలో ఏదైనను రంగును మార్చగలదు. రాత్రి నిద్రలో వెలవెలబోవుట సహజము. ఉదయమున చలిగా ఉన్నప్పుడు ఎండను గ్రహించుటకై నల్లబారుటయు సహజమే. పగలు వెచ్చదనము దొరికిన పిమ్మట కూడ మాసిన నలుపో, పాలిపోయిన తెలుపో విడువక, పైన చెప్పిన లక్షణములలో ఒకటి తోడైనప్పుడు మాత్రమే శంకింపవలెను.

ఇక పిల్లలను అన్నిటికంటె ఎక్కువగా బాధించు వ్యాధిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అది ఎముకల వ్యాధి; కాల్షియము చాలకపోవుటవలన పుట్టును. పంజరములో దీనికి మేతగా వేయు కీచురాళ్లలో భాస్వరము మెండు, కాల్షియము మిక్కిలి స్వల్పము. శరీరమునకు కావలసినది దీనికి విపర్యయము. భాస్వరము ఒక పాలుండగా కాల్షియము రెండు పాళ్లు ఉండుట మేలు. ఆ దొరికిన కొంచెపు కాల్షియమునైనను ప్రేగులు గ్రహింపవలెనన్న డి3 విటమిను కావలెను. ఆ విటమిను చర్మమునందు తయారగుటకు 290 మొదలు 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల అతినీలలోహిత కిరణములు, అనగా యు.వి.బి. కిరణములు, చర్మముపై పడవలెను. అవి సోకగా పుట్టిన పూర్వపదార్థము డి3గా మారుటకు మరల శరీరమునకు తగిన వేడి ఉండవలెను. అటుపిమ్మట కాలేయమును, మూత్రపిండములును దానిని పనికివచ్చు రూపమునకు తెచ్చును. ఈ గొలుసులో ఏ లంకె తెగినను రక్తములో కాల్షియము పడిపోవును. అప్పుడు మెడయందలి పారాథైరాయిడు గ్రంథులు రక్తములోని మట్టమును నిలబెట్టుటకై ఎముకలనుండి కాల్షియమును లాగజొచ్చును. పొయ్యి ఆరకుండుటకై ఇంటి దూలములనే నరికి మంటలో పెట్టినట్లు, గుండె నడుచుటకును కండరములు కదలుటకును అస్థిపంజరమే వ్యయమగును.

ఫలితము కంటికి కనబడును. ముంజేతులు విల్లువలె వంగును. దవడ మెత్తబడి నోరు సరిగా మూతపడదు. నడచునప్పుడు కాళ్లు వణకును. నాలుక మాట వేరుగా చెప్పవలెను. ఊసరవెల్లి నాలుక నోటిలోని ఒక సన్నని ఎముకను ఆశ్రయించి, దాని చుట్టును ఉన్న కండరపు బిగువుతో బాణమువలె వెలికి దూకును. చాల జాతులలో అది దేహముకంటె పొడవుగా సాగును. కాల్షియము తగ్గి కండరము నీరసించినపుడు నాలుక కీటకమువరకు పోదు, లేదా వెలికివచ్చి మరల లోపలికి పోలేక వ్రేలాడును. పిల్ల గురిపెట్టి, గురిపెట్టి, నాలుక విసరక ఊరకుండుటను చూచి ఆకలి లేదని తలచువారు కలరు. దానికి ఆకలి ఉన్నది, శక్తియే లేదు.

ఇందుకు మూలము పలుమారులు దీపమునందే యుండును. కిటికీ అద్దమునుండి వచ్చు ఎండలో వెచ్చదనమున్నను యు.వి.బి. ఉండదు, అద్దము దానిని ఆపివేయును. పంజరముపై వెలుగు ప్రత్యేకదీపము కంటికి తొలినాటివలెనే ప్రకాశించుచున్నను, అందలి యు.వి.బి. నెలలు గడచిన కొలది క్షీణించును; అందుచే దీపపు రకమునుబట్టి ఆరు నెలలకో, ఏడాదికో దానిని మార్చవలెను. అట్లని పంజరమంతయు ఆ కిరణములతో నింపరాదు. కార్‌స్టెన్, ఫెర్గూసన్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశోధనలో, మేతయందు డి3 తక్కువగా దొరికిన పాంథర్ కమీలియన్లు తమంతట తామే అతినీలలోహిత కాంతిలో ఎక్కువగా మసలినవనియు, సమృద్ధిగా దొరికినవి దానిని తప్పించుకొన్నవనియు తేలినది. తన లోటును తాను ఎరిగి సవరించుకొను నేర్పు ఆ చిన్నప్రాణికి కలదన్నమాట! ఆ నేర్పు ఫలించుటకు ఎండవంటి చోటును, ఆకుల నీడయు రెండును పంజరములో ఉండవలెను. ఎండచోటున పిల్లకు 29, 30 సెంటిగ్రేడు డిగ్రీలు చాలును. తక్కినచోట్ల చల్లగా ఉండవలెను.

మేతకు వేయు పురుగులకు ముందుగా ఒకనాడైనను ఆకుకూరలును కూరగాయలును తినిపించి, పిదప వానిపై కాల్షియపు పొడి పలుచగా చల్లి వేయుట మంచిది. డి3 కలిపిన పొడి నెలకు రెండుమార్లకు మించనక్కరలేదు. అది అధికమైనచో మూత్రపిండములును రక్తనాళములును సున్నముపట్టి చెడును. పిల్ల కన్నులు రెంటి నడిమి వెడల్పుకంటె పెద్ద పురుగును వేయరాదు. అమెరికాలో తోటనుండి మిణుగురులను పట్టి వేయుట ఎంతమాత్రమును తగదు. అచ్చటి కొన్ని మిణుగురులలో గుండెను ఆపు విషముండును.

నీటివిషయమున తెలియనివారు పొరపడుట సులభము. ఊసరవెల్లి గిన్నెలోని నిశ్చలజలమును నీరుగా సాధారణముగా గుర్తింపదు. ఆకులపై జారు బిందువులను, కదలి మెరయునప్పుడు చూచి, నాకి త్రాగును. నిండుగిన్నె ఎదుటనే దప్పికతో ఎండిపోయిన పిల్లలు ఎన్నియో! పంజరములో మందార, మనీప్లాంటు వంటి మొక్కలనుంచి, దినమునకు రెండు మూడుమార్లు సన్నని తుంపర చల్లుచు, పైనుండి బొట్టుబొట్టుగా నీరు ఆకులపై పడునట్లు ఏర్పాటు చేయవలెను. తుంపర మొదలైన కొన్ని నిమిషములకు గాని అది త్రాగ మొదలిడదు కావున తొందర పనికిరాదు. విసర్జనములోని మూత్రభాగపు ముద్ద తెల్లగా ఉన్నచో నీరు చాలుచున్నది. అది ముదురు నారింజరంగునకు తిరిగి, కన్నులు గుంటలు పడినచో దేహము ఎండుచున్నది.

అట్లని పంజరమును ఎల్లప్పుడును తడిగా ఉంచి గాలి ఆడనీయకపోయిన ఊపిరితిత్తులకు రోగము తగులును. చల్లని, తడిసిన, గాలిలేని పంజరము దానికి పుట్టినిల్లు. నోరు తెరచి, తల పైకెత్తి ఊపిరి తీయుట, శ్వాసలో చిటపట శబ్దము, నోటివెంట జిగురు లేక నురుగు కనబడుట దీని లక్షణములు. ఎండచోటున వేడెక్కి నోరు తెరచుట వేరు. చల్లనిచోట నోరు తెరచినచో అది రోగమే. ఊసరవెల్లికి మనవలె ఉదరవితానము లేదు; దగ్గి కఫమును వెలికి త్రోయజాలదు. కావున ఇది గృహవైద్యమునకు లొంగునది కాదు, ఒక్కదినమైనను ఉపేక్షింపరాదు.

కనురెప్పలు వాచుటకు ‘ఎ’ విటమిను లోపము కారణము కావచ్చును గాని, దుమ్ముపడుటయు, సూక్ష్మజీవులు సోకుటయు, దీపకాంతి మితిమీరుటయు అదే రూపమున కనబడును. ‘ఎ’ విటమిను ఎక్కువైనను విషమే, ఊహించి వేయరాదు.

పిల్ల నలతగానున్నదని తోచిననాడు దానిని చేతులలోనికి తీసికొని పలుమారు చూచుటయే తొలి అపచారము. మానవస్పర్శ ఊసరవెల్లికి ఊరట కాదు, భయకారణము. ఒకే పంజరములో తోడుపిల్లలున్నచో వేరుచేయవలెను. బలముగలది మీదపడకున్నను, దాని చూపే బలహీనమైనదానిని మేతకు దూరముచేయును. అద్దములో తన ప్రతిబింబము కనబడినను అదే బాధ. పంజరపు ఒక ప్రక్కను గుడ్డతో కప్పి, తగిన వేడియు, నీటితుంపరయు కలుగజేసి, గ్రాములు తూచు చిన్నత్రాసులో ఒకమారు తూచి, ఆ బరువును వ్రాసియుంచవలెను. నోరు బలవంతముగా తెరచి నీరుగాని, ఆహారముగాని పోయరాదు. శ్వాసనాళపు ద్వారము నోటి ముందుభాగముననే ఉండుటచే అవి ఊపిరితిత్తులలోనికి పోవును. మెత్తబడిన దవడ ఆ యత్నములో విరుగవచ్చును. మనుష్యులకిచ్చు యాంటిబయోటిక్ మందులను తాకరాదు. సరీసృపముల మలమునందు సాల్మొనెల్లా సూక్ష్మజీవులుండుట సామాన్యము కావున, పరిచర్య చేసినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అయిదేండ్లలోపు పిల్లలున్న యింట ఈ జంతువును ఉంచకుండుటయే మేలు.

ఆలస్యము లేక చేయవలసినది సరీసృపముల వైద్యమెరిగిన పశువైద్యుని కడకు కొనిపోవుట. కుక్కలను, పిల్లులను మాత్రమే చూచువారందరికిని ఇది తెలిసిన విద్య కాదు. అమెరికాలోని సరీసృప, ఉభయచర వైద్యుల సంఘము అట్టి వైద్యుల పట్టికను ఉంచుచున్నది. ఆ వైద్యుడెవరో, ఎంత దూరమో, పిల్లను కొనుటకు ముందే తెలిసికొనవలెను. చిన్న పెట్టెలో ఒక కొమ్మను అమర్చి, చీకటిగాను మితమైన వెచ్చదనముతోను పిల్లను తీసికొనిపోవుచు, వెంట నాటి మలమును, పంజరపు ఛాయాచిత్రమును, దీపము కొన్ననాటి తేదీని, వేయుచున్న పొడుల డబ్బాలను కొనిపోయినచో వైద్యుని పని సగము తేలికయగును. ఆయన ఎక్స్‌రేతో ఎముకలను, సూక్ష్మదర్శినితో మలములోని పరాన్నజీవులను పరీక్షించును. అవసరమైనచో ద్రవరూపమున కాల్షియమునో, సూదిమందునో ఏర్పరచును. మందు నడుచుచుండగా దీపమును, మేతను, నీటిని సరిదిద్దినవారి ఊసరవెల్లి పిల్లలు కోలుకొన్న సందర్భములు చాల కలవు. ఒకమారు వంకరపడిన ఎముక మరల పూర్తిగా నిటారు కాదు. అయినను సకాలమున చికిత్స దొరికిన పిల్ల ఆ వంకరకాళ్లతోనే కొమ్మలెక్కుచు, వేటాడుచు, యెమెను జాతి మగదైనచో అయిదారేండ్లు జీవింపగలదు.