ఇంటిదారి ఎందుకు తప్పింది?



ఒంగోలులో మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క మొన్న ఏడుస్తూ వచ్చింది. వాళ్ళ అత్తకు డెబ్భై ఏళ్ళు. ఎన్నో ఏళ్ళుగా అద్దంకి బస్టాండు దాకా నడిచి వెళ్ళి కూరగాయలు తెస్తుంది. ఆ రోజూ వెళ్ళింది. చీకటి పడ్డా రాలేదు. ఊరంతా వెతికారు. చివరికి కొత్తపట్నం పోయే రోడ్డు మీద, ఒక టీకొట్టు దగ్గర కూర్చుని ఉంది. సంచిలో వంకాయలు ఉన్నాయి. కొంగున డబ్బులు ఉన్నాయి. ఇంటిదారి మాత్రం గుర్తు రాలేదు.

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనే చేసింది" అన్నాడు కొడుకు. "ముసలితనం, అంతే" అన్నారు ఇరుగుపొరుగు. మర్నాటి నుంచి ఆమె గదికి బయట గడియ పెట్టారు.

ఆ రెండు మాటలూ తప్పే. గడియ పెట్టడం ఇంకా తప్పు.

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం అందరికీ ఉండేదే. ఏళ్ళ తరబడి నడిచిన దారి తెలియకపోవడం అలాంటిది కాదు. అది జబ్బుకు గుర్తు కావచ్చు.

మీరు చేనుకు ఎలా వెళతారు? వేపచెట్టు దగ్గర ఎడమకు, మిరపకాయల కల్లం దాటాక కుడికి. ఇదంతా కాగితం మీద రాసుకోరు గదా! ఆ పటం మన మెదడులో ఉంటుంది. చోటును గుర్తుపట్టే కణాలు మెదడులో ఉన్నాయని జాన్ ఒకీఫ్ అనే శాస్త్రవేత్త 1971లో ఎలుకల్లో కనిపెట్టాడు. 2014లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ముందుగా దెబ్బతీసేది ఈ పటం ఉండే భాగాలనే. అందుకే కొందరు మొదట్లోనే దారి తప్పుతారు.

జ్వరం చూడడానికి థర్మామీటరు ఉంది. మరి దీన్ని ఎలా చూడాలి?

డాక్టర్లు కాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమంటారు. బడి మొహం చూడని మనిషికి పెన్సిలు పట్టుకోవడమే కష్టం. మొదటి రోజు పలక మీద మీ చెయ్యి ఎలా వణికిందో గుర్తుందా? అది జబ్బు కాదు గదా!

అందుకని కొత్త పరీక్షలు తయారుచేస్తున్నారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి పరిశోధకులు చేసిన పరీక్ష చూడండి. కళ్ళకు పెద్ద కళ్ళద్దాల లాంటి పెట్టె తగిలిస్తారు. అందులో ఒక మైదానం కనిపిస్తుంది. అది కంప్యూటరు చూపించే బొమ్మ. కానీ నిజంగా కాళ్ళతోనే నడవాలి. ఒక గుర్తు నుంచి రెండో గుర్తుకు, అక్కడి నుంచి మూడో గుర్తుకు వెళ్ళాలి. ఇప్పుడు గుర్తులు కనిపించవు. మొదటి గుర్తు ఉన్న చోటికి తిరిగి రావాలి. ఎన్ని అడుగులు తప్పారో యంత్రం కొలుస్తుంది. తేలికపాటి మతిమరుపు ఉన్న 45 మందిని, ఆరోగ్యంగా ఉన్న 41 మందిని ఇలా నడిపించారు. 2019లో ఫలితం చెప్పారు. మతిమరుపు ఉన్నవాళ్ళు ఎక్కువ తప్పారు. వాళ్ళలోనూ అల్జీమర్స్ ఆనవాళ్ళు ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ తప్పారు. కాగితం పరీక్షలు ఈ తేడాను ఇంత బాగా పట్టలేకపోయాయి.

ఇంకొకటి, 2016లో వచ్చిన సెల్‌ఫోను ఆట. పేరు సీ హీరో క్వెస్ట్. ముందు సముద్రం పటం చూపి తీసేస్తారు. పడవ నడుపుతూ గుర్తులన్నీ వరసగా చేరాలి. ఎంత చుట్టు తిరిగారో ఫోను లెక్కవేస్తుంది. లోకమంతా 40 లక్షల మందికి పైగా ఆడారు. అంతమంది ఎందుకు? ఏ వయసులో ఎంత తప్పడం మామూలో తెలియాలి. తూకానికి రాయి కావాలి గదా! ఆ లెక్కల్లో ఒక ముచ్చట బయటపడింది. పట్నాల్లో పెరిగినవాళ్ళ కంటే పల్లెల్లో పెరిగినవాళ్ళు సగటున దారి బాగా పట్టారు.

అయితే ఒక చిక్కు. ఫోను ఎన్నడూ పట్టని అవ్వ ఆటలో ఓడితే తప్పు మెదడుదా, ఫోనుదా? నాకైతే మన అవ్వలకు నడిచే పరీక్షే మేలనిపిస్తుంది. ఏదైనా ఒక్క పరీక్ష చూసి జబ్బని తేల్చకూడదు.

చదువు రానివాళ్ళను డాక్టర్లు పరీక్షించలేరని అనుకోవద్దు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఈ రకం జబ్బులున్న 648 మందిని పరిశీలించి 2013లో వివరాలు ప్రకటించారు. వాళ్ళలో చదువు రానివాళ్ళూ ఉన్నారు.

ఇంట్లో పెద్దవాళ్ళు దారి తప్పితే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. థైరాయిడ్ తేడా, బి12 విటమిను తక్కువ కావడం, తలకు దెబ్బ తగలడం వల్ల కూడా మతి తడబడుతుంది. కంట్లో శుక్లాలు ఉంటే దారి ఆనదు. వీటికి వైద్యం ఉంది. అల్జీమర్స్‌ను పూర్తిగా నయంచేసే మందు లేదు. అయినా ముందే తెలిస్తే మనిషిని కాపాడుకోవచ్చు. పెద్దల సాయం కోసం 14567కు ఫోను చెయ్యండి. మనిషి కనపడకపోతే వెంటనే 112కు చెయ్యండి.

డాక్టరు "ఎప్పటి నుంచి?" అని అడుగుతారు. ఏ రోజు, ఎక్కడ, ఎలా తప్పిందో నోటుపుస్తకంలో రాసి పెట్టండి. మీకిప్పుడు రాయడం వచ్చు.

ఆ అక్క ఇంటి చిరునామా, ఫోను నంబరు చీటీ మీద రాసింది. వీధి పేరులో ఒత్తు తప్పితే నేను దిద్దాను. ఆ చీటీని అత్త సంచిలో కుట్టింది. గది గడియ తీయించింది. ఇప్పుడు మనవరాలు నాయనమ్మకు తోడు వెళుతోంది. దారి నాయనమ్మనే చూపించమంటుంది. ఏ మలుపు దగ్గర ఆగిపోయిందో గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి చెబుతుంది. అక్క రాసుకుంటుంది. వచ్చే సోమవారం ఆ పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళుతున్నారు.