మీ కేసు షీటు మీది, మందు ఫైలు అందరిది



చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు మందుల చీటీ చేత పట్టుకొని మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఇదే మందు వేరే కంపెనీది తక్కువ ధరకు దొరకదా?" జ్వరానికి, బి.పి.కి, షుగరుకు వాడే మందుల్లో చాలావాటికి దొరుకుతుంది. కాన్సరు వంటి పెద్ద జబ్బులకు వచ్చిన కొత్త మందుల్లో కొన్నింటికి దొరకదు. వాటిని ఒక్క కంపెనీయే అమ్ముతుంది, అది చెప్పినదే ధర. దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి పేటెంటు.

పేటెంటు అంటే కొత్తగా కనిపెట్టిన వస్తువు మీద ప్రభుత్వం ఇచ్చే హక్కు. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 ఏళ్ల వరకు ఆ వస్తువును అనుమతి లేకుండా ఇంకొకరు తయారుచేయకూడదు, అమ్మకూడదు. అయితే దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఈ హక్కు రాదు. పేటెంటు కార్యాలయం పరీక్షించాలి, అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే మంజూరు చేయాలి. ఈ లోగా ఆ దరఖాస్తు ఏ దశలో ఉందో తెలుసుకునే హక్కు ఎవరికి ఉంది? ఇది లాయర్ల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ మన ఇంటి మందుల ఖర్చు ఒక్కోసారి ఈ ప్రశ్న మీదనే ఆధారపడుతుంది.

రెండు ఫైళ్లు, రెండు ధర్మాలు

ఆసుపత్రిలో మీ పేరున ఒక కేసు షీటు ఉంటుంది. అందులోని సంగతి మీ అనుమతి లేకుండా, చట్టం కోరితే తప్ప, బయటివారికి చెప్పకూడదు. పక్కింటివారికి గానీ, మీ యజమానికి గానీ, సంఘ పెద్దలకు గానీ అది తెలియవలసిన పని లేదు. అది రోగి గౌరవానికి సంబంధించిన విషయం.

మందు మీద పెట్టిన పేటెంటు దరఖాస్తు అటువంటిది కాదు. కనిపెట్టినవారికి ప్రజలు 20 ఏళ్ల హక్కు ఇస్తున్నారు. అందుకు బదులుగా, దాన్ని ఎలా తయారుచేశారో వారు అందరికీ వివరంగా చెప్పాలి. కనుక ఆ ఫైలులో రహస్యం కొంతకాలమే ఉంటుంది. మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 11ఏ, దాని కింద చేసిన నియమాల ప్రకారం ఆ కాలం 18 నెలలు. విదేశంలో ముందుగా దరఖాస్తు పెట్టి, దాని ఆధారంగా ఇక్కడ పెడితే, మొదట పెట్టిన తేదీ నుంచే ఈ 18 నెలలు లెక్క కడతారు.

ఈ గడువులో దరఖాస్తుదారు తన పని పూర్తిచేసుకోవచ్చు, ఇతర దేశాల్లో దరఖాస్తులు పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. 18 నెలలు నిండడానికి మూడు నెలల ముందే వెనక్కి తీసుకుంటే అది బయటికే రాదు. దేశ రక్షణకు సంబంధించినవని ప్రభుత్వం రహస్యంగా ఉంచమన్నవి కూడా బయటికి రావు. మిగిలినవన్నీ పేటెంటు కార్యాలయం ప్రతి శుక్రవారం విడుదలచేసే అధికారిక జర్నల్‌లో ప్రచురితమవుతాయి. అప్పటి నుంచి ఆ ఫైలును ఎవరైనా చూడవచ్చు. ప్రచురించిన ఆరు నెలల లోపు పేటెంటు మంజూరు చేయకూడదన్న నియమం కూడా ఉంది. అభ్యంతరం చెప్పేవారికి సమయం ఉండాలనే ఆ ఏర్పాటు.

తలుపు మూసి ఉంటే ఏమవుతుంది?

మన ఇళ్లలో పసుపు లేని వంటగది ఉండదు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం నిజామాబాద్ నుంచి దుగ్గిరాల దాకా ప్రతి అమ్మమ్మకూ తెలుసు. అయినా గాయాలు మాన్పడానికి పసుపు వాడడంపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. ఆ రోజుల్లో అమెరికాలో పేటెంటు మంజూరయ్యే వరకు దరఖాస్తు ఎవరికీ కనిపించేది కాదు. కనిపించనిదానికి అభ్యంతరం ఎలా చెబుతారు? పేటెంటు ఇచ్చాక మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, వ్యాసాలు వెతికి చూపించి పోరాడవలసి వచ్చింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. 2000 నవంబరు 29 నుంచి పెట్టే దరఖాస్తులను అమెరికా కూడా 18 నెలలకు ప్రచురిస్తున్నది. తమ దేశంలో మాత్రమే దరఖాస్తు పెట్టేవారు కోరితే రహస్యంగా ఉంచే వీలు మాత్రం అక్కడ ఇంకా ఉంది.

మన దేశంలోనూ ఒక మూసిన పెట్టె ఉండేది. ప్రపంచ వాణిజ్య ఒప్పందం వల్ల 1995 నుంచి మందుల మీద పేటెంటు దరఖాస్తులు తీసుకోవలసి వచ్చింది. కాని వాటిని 2005 వరకు పరీక్షించకుండా పక్కన పెట్టారు. దానికి 'మెయిల్ బాక్స్' అని పేరు. అందులో ఏ మందులున్నాయో సామాన్యుడికి తెలిసే దారి లేదు.

ఆ పెట్టెలో 1998లో చెన్నై కార్యాలయానికి చేరిన ఒక దరఖాస్తు ఉంది. నంబరు 1602/ఎంఏఎస్/1998. అది ఒక రకం రక్త కాన్సరుకు వాడే ఇమాటినిబ్ మందు మీద నోవార్టిస్ కంపెనీ పెట్టినది. ఆ కంపెనీ మందు గ్లివెక్ ధర నెలకు సుమారు 1,20,000 రూపాయలు. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి మన కంపెనీల మందు నెలకు సుమారు 8,000 నుంచి 10,000 రూపాయలకు దొరికేది. పేటెంటు వస్తే ఈ చౌక మందుకు ముప్పు ఏర్పడేది.

పెట్టె తెరిచాక ఫైలు అందరికీ కనిపించింది. కాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ అనే రోగుల సహాయ సంస్థ, నాట్కో, హెటిరో తదితర కంపెనీలు అభ్యంతరాలు దాఖలు చేశాయి. తెలిసిన మందుకే ఇది ఇంకో రూపమని, పాత పేటెంటులోనే ఈ మందు సంగతి ఉందని వాదించాయి. 2006 జనవరిలో చెన్నై కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. కంపెనీ పై బోర్డుకు, చివరకు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంటు కుదరదని తీర్పు చెప్పింది. కొత్త దరఖాస్తు, పాత పేటెంటు రెండూ చదవడానికి అందుబాటులో ఉండబట్టే పక్కపక్కన పెట్టి చూపించడం సాధ్యమైంది.

పేటెంటు వచ్చాక కూడా

పేటెంటు మంజూరైతే తెలుసుకునే హక్కు అక్కడితో ఆగదు. పేటెంటు పొందినవారు దాన్ని మన దేశంలో ఎంతవరకు ఉపయోగిస్తున్నారో ఫారం 27 అనే పత్రంలో ప్రభుత్వానికి చెప్పాలి. ఎంత తయారుచేశారు, ఎంత దిగుమతి చేసుకున్నారు అన్న లెక్క అందులో ఉండేది.

కాలేయ, మూత్రపిండాల కాన్సరుకు వాడే సోరాఫెనిబ్ మందు మీద బేయర్ కంపెనీకి 2008లో మన దేశంలో పేటెంటు వచ్చింది. నెలకు సరిపడే మందు ధర 2,80,428 రూపాయలు. నాట్కో కంపెనీ దాన్ని సుమారు 8,800 రూపాయలకు అమ్ముతామని, అందుకు లైసెన్సు ఇప్పించమని 2011లో కోరింది. బేయర్ తానే ఇచ్చిన ఫారం 27 లెక్కలు ఆ విచారణలో సాక్ష్యంగా నిలిచాయి. మందు అవసరమైన రోగుల్లో దాదాపు 2 శాతం మందికే అది అందుతోందని తేలింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ నాట్కోకు లైసెన్సు ఇచ్చారు. మన దేశంలో అటువంటి తప్పనిసరి లైసెన్సు అదే మొదటిది. అమ్మకాలపై బేయర్‌కు 6 శాతం రాయల్టీ చెల్లించాలని (అప్పీలులో 7 శాతం చేశారు), ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలని కూడా షరతు పెట్టారు. 2014లో సుప్రీంకోర్టు బేయర్ పిటిషన్‌ను కొట్టివేసింది.

ఈ ఫారాలను చాలా కంపెనీలు సరిగా నింపడం లేదని న్యాయశాస్త్ర ఆచార్యులు షమ్నాద్ బషీర్ 2015లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కాగితం ఉండాలని చట్టంలో రాస్తే చాలదు, నింపించాలి, జనానికి చూపించాలి అన్నది ఆయన వాదన సారాంశం.

ఇద్దరు రోగులు వేసిన అభ్యంతరం

అభ్యంతరం చెప్పడానికి కంపెనీయే కానక్కరలేదు. మంజూరుకు ముందు 'ఏ వ్యక్తి అయినా' చెప్పవచ్చునని సెక్షన్ 25 అంటున్నది. మంజూరయ్యాక ఒక ఏడాది లోపల, ఆ విషయంలో ఆసక్తి, సంబంధం ఉన్నవారు చెప్పవచ్చు.

మందులకు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ మీద అసలు పేటెంటు 2023 జూలైతో ముగియవలసి ఉంది. ఆ మందు లవణ రూపంపై ఇంకో పేటెంటు వస్తే గుత్తాధిపత్యం 2027 వరకు సాగేది. క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు మహిళలు, ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే, 2019లో దానికి అభ్యంతరం వేశారు. పాత ఇంజెక్షన్ల దుష్ఫలితం వల్ల వినికిడి కోల్పోయినవారు వీరిద్దరూ. హెచ్ఐవీతో జీవిస్తున్నవారి సంఘం ఒకటి కూడా అభ్యంతరం వేసింది. 2023 మార్చి 23న ఆ దరఖాస్తు తిరస్కరించబడింది.

ఇక్కడ రెండు ఫైళ్లూ ఎదురుపడతాయి. వారు తమ జబ్బు సంగతి తామే ధైర్యంగా చెప్పుకున్నారు. అందరూ అలా చెప్పుకోనక్కరలేదు. జబ్బు పేరు బయటపడడం ఇష్టం లేని రోగుల తరఫున రోగుల సంఘాలు మాట్లాడవచ్చు. మందు ఫైలు తెరవడానికి మీ కేసు షీటు తెరవవలసిన పని లేదు.

పేటెంటు నంబరు చూసి మోసపోకండి

కీళ్ల నొప్పుల నూనెలు, షుగరు పొడులు అమ్మే కరపత్రాల మీద 'పేటెంటు పొందినది' అని అచ్చు వేస్తుంటారు. దయచేసి గమనించండి. పేటెంటు అంటే వస్తువు కొత్తదని ఒప్పుకోవడమే. జబ్బు నయమవుతుందని గానీ, ప్రమాదం లేదని గానీ దాని అర్థం కాదు. మందు అమ్మడానికి అనుమతి వేరు, దాన్ని ఇచ్చే అధికారులు వేరు. పైగా కరపత్రంలోని నంబరు కేవలం దరఖాస్తు నంబరు కావచ్చు. ఆ దరఖాస్తు ఎప్పుడో తిరస్కరించబడి ఉండవచ్చు. పేటెంటు లేకుండా ఉందని చెప్పుకోవడం చట్టరీత్యా నేరంగా ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టం దాన్ని 10 లక్షల రూపాయల వరకు వేయదగిన జరిమానాగా మార్చింది.

ఎలా చూడాలి?

భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో దరఖాస్తు నంబరు కొడితే దాని స్థితి ఉచితంగా కనిపిస్తుంది. మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు చాలా ఉన్నాయి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చదువుకునే పిల్లలు నిమిషాల్లో చూసిపెట్టగలరు. అక్కడ కనిపించే మాటలకు అర్థం ఇది:

ప్రచురితమైంది: రహస్య కాలం తీరింది. హక్కు ఇంకా రాలేదు.
పరీక్షలో ఉంది: అధికారి ప్రశ్నలు, కంపెనీ జవాబులు నడుస్తున్నాయి. ఆ ఉత్తరాలు కూడా చదవవచ్చు.
తిరస్కరించారు, లేక వదిలివేశారు: హక్కు లేదు.
మంజూరైంది: హక్కు ఉంది. కాని ఏటా రుసుము కట్టకపోతే అది రద్దవుతుంది.

ఒక చిక్కు ఉంది. దరఖాస్తు శీర్షికలో మందు పేరు ఉండకపోవచ్చు, నోరు తిరగని రసాయనాల పేర్లు ఉంటాయి. అందుకే హెచ్ఐవీ, హెపటైటిస్, క్షయ వంటి జబ్బుల మందులపై ఏ దేశంలో ఏ పేటెంటు ఉందో మందు పేరుతోనే వెతికే వీలును మెడిసిన్స్ పేటెంట్ పూల్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో 'మెడ్స్‌పాల్' పేరుతో కల్పించింది.

మీ పిల్లలే ఏదైనా కొత్త పరికరం తయారుచేస్తే ఇంకో జాగ్రత్త చెప్పండి. దరఖాస్తు పెట్టకముందే పేపరుకు ఎక్కిస్తే, అందరికీ చూపిస్తే, అది కొత్తదన్న అర్హత పోవచ్చు. ముందు దరఖాస్తు, తర్వాత ప్రదర్శన.

తలుపు మళ్లీ మూసుకోకుండా

2024 మార్చిలో పేటెంటు నియమాలు మార్చారు. మంజూరుకు ముందు అభ్యంతరం చెప్పేవారు ఇప్పుడు రుసుము కట్టాలి. ఆ అభ్యంతరం విచారణకు తగినదా కాదా అని కంట్రోలర్ ముందుగా తేలుస్తారు. ఏటా ఇవ్వవలసిన ఫారం 27 ఇప్పుడు మూడేళ్లకు ఒకసారి ఇస్తే చాలు. పనికిమాలిన అభ్యంతరాలతో ఆలస్యం జరగకూడదని, కనిపెట్టినవారిపై భారం తగ్గాలని దీన్ని సమర్థించేవారు అంటున్నారు. అందులో న్యాయం లేకపోలేదు. కాని మూడేళ్లు ఒక కాన్సరు రోగికి చాలా ఎక్కువ కాలం. మందు అందుతోందో లేదో లెక్క అంత ఆలస్యంగా తెలిస్తే, ఆ తెలియడం ఎవరికి ఉపయోగం?

మీకు మేము చెప్పేది ఇంతే. ధర భరించలేక మందు మీ అంతట మీరు మానేయకండి. డాక్టరుకు చెప్పండి. మందు అసలు పేరు రాసి ఇమ్మని అడగండి. జన ఔషధి దుకాణంలో విచారించండి, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో కనుక్కోండి. అయినా ఒక్క కంపెనీయే దిక్కు అని తేలితే, ఆ పేటెంటు ఏ దశలో ఉందో, ఏ తేదీతో ముగుస్తుందో అడగండి. మీ జబ్బు సంగతి మేము గుట్టుగా ఉంచుతాము. ఆ మందు సంగతి మాత్రం గుట్టుగా ఉండవలసిన పని లేదు.