అమ్మ గ్యాలరీలో... నాన్న గేటు దగ్గర!

తెల్లవారుజామున అయిదింటికి గచ్చిబౌలి కూడలిలో రెండు రకాల బళ్లు ఎదురవుతాయి. రాత్రి షిఫ్టు ముగించుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్ని ఇళ్లకు చేర్చే క్యాబ్‌లు కొన్ని. నిద్రమత్తు వదలని పిల్లల్ని ప్రాక్టీసుకు తీసుకెళ్లే కార్లూ స్కూటర్లూ మరికొన్ని. ముందు సీట్లో నాన్న. వెనక సీట్లో రాకెట్ సంచినే దిండు చేసుకుని పడుకున్న పిల్ల. సైబరాబాద్‌కి ఈ దృశ్యం కొత్తేం కాదు.

హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లోనే ఆ పక్కన ఆటస్థలాలూ వచ్చాయి. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు గచ్చిబౌలికి స్టేడియాలు తెచ్చిపెట్టాయి. ప్రభుత్వం ఇచ్చిన అయిదెకరాల్లో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ 2008లో మొదలైంది. నిర్మాణానికి డబ్బు చాలక గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టారన్నది అందరికీ తెలిసిన కథే. ఇల్లు తాకట్టు పెట్టాలంటే ముందు ఇంట్లోవాళ్లు సరేననాలి. ఆ మాట మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు!

ఈ అకాడమీ ఇంకా లేని రోజుల్లో సైనా నెహ్వాల్ వాళ్ల నాన్న స్కూటరే ఆమెకు దారి. వ్యవసాయ శాస్త్రవేత్త అయిన హర్‌వీర్ సింగ్ 1990ల చివర్లో హర్యానా నుంచి కుటుంబంతో హైదరాబాద్ వచ్చారు. ఇంటి నుంచి లాల్‌బహదూర్ స్టేడియానికి పాతిక కిలోమీటర్లు. పొద్దున్నే కూతుర్ని అక్కడికి తీసుకెళ్లి, ప్రాక్టీసు అయ్యాక బడిలో దింపేవారు. దారిలో పాపకు కునుకుపట్టేది. పడిపోతుందేమోనని వాళ్లమ్మ ఉషారాణి వెనకాల పట్టుకుని కూర్చునేవారు. ఒక స్కూటరు, ముగ్గురు మనుషులు, ఒక రాకెట్. ఖర్చులకు చాలక తండ్రి భవిష్యనిధి డబ్బులు కూడా తీశారు. ఆ పాపే 2012లో లండన్ ఒలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చింది.

పీవీ సింధు ఇంట్లో కథ వేరు. అమ్మ విజయ, నాన్న రమణ... ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో రమణ ఉన్నారు. అర్జున అవార్డూ అందుకున్నారు. అలాంటి ఇంట్లో పిల్లను తమ ఆటలోకే లాగాలనిపించడం సహజం. కానీ 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలవడం చూసి సింధు బ్యాడ్మింటన్ అంది, వాళ్లు సరే అన్నారు. ఆ తర్వాత రోజుకు 56 కిలోమీటర్ల ప్రయాణం! రియోకు ముందు కూతురి సాధన కోసం రమణ రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టారు. 2016 ఆగస్టులో రజతంతో తిరిగొచ్చిన సింధును శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా పైకప్పు లేని బస్సులో ఊరేగించారు. ఆ దారి పొడవునా బారులు తీరిన జనంలో బడి పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్న తండ్రులెందరో.

2019 ఆగస్టు 25న బాసెల్‌లో నొజోమి ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి సింధు ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ రోజు వాళ్లమ్మ పుట్టినరోజు. పతకం అమ్మకే అంకితం అని అక్కడే చెప్పింది. ఏ తల్లికి దొరుకుతుంది అలాంటి కానుక?

గోపీచంద్‌కి గ్యాలరీ కష్టం కూడా తెలిసొచ్చింది. ఆయన భార్య పీవీవీ లక్ష్మి 1996 ఒలింపిక్స్‌లో ఆడిన షట్లర్. వాళ్లమ్మాయి గాయత్రి 2022లో ట్రీసా జాలీతో కలిసి ఆల్ ఇంగ్లండ్ డబుల్స్‌లో సెమీస్‌కు వెళ్లింది. నాన్న ఇరవై ఒక్కేళ్ల క్రితం గెలిచిన టోర్నీ అది. ‘ఫలానావారి అమ్మాయి’ అన్న మాట మోస్తూ ఆడటం ఎంత బరువో ఆ పిల్లకే తెలియాలి.

ఇవన్నీ గెలిచినవారి కథలు. ఆదివారం పూట స్కూలు టోర్నీ జరిగే హాల్లో కూర్చుంటే మిగతావారు కనిపిస్తారు. ఫోన్లో ఆఫీసు కాల్ వింటూ, కళ్లు మాత్రం కోర్టు మీదే పెట్టిన నాన్న. ప్రతి పాయింటుకూ కొంగు పిడికిట్లో బిగించే అమ్మ. ‘లైన్ మీద పడింది, చూడలేదా?’ అంటూ అంపైర్‌తో తగవుకు లేచే బాబాయి. ఊరి నుంచి వచ్చిన తాతయ్యకైతే స్కోరు లెక్క అర్థం కాదు. మనవడు ఎగిరి కొట్టిన ప్రతిసారీ చప్పట్లే... షటిల్ నెట్‌కు తగిలినా సరే!

అసలు పరీక్ష ఆట అయ్యాక మొదలవుతుంది. తొలి రౌండ్లోనే ఓడిన పదకొండేళ్ల పిల్లవాడు బయటికొస్తాడు. గేటు నుంచి కారు దాకా వందడుగులు. ‘ఆ బ్యాక్‌హ్యాండ్ ఎందుకలా కొట్టావ్?’ అని అక్కడే మొదలుపెట్టే తండ్రులున్నారు. కోచింగ్ ఫీజు, షటిళ్లు, బూట్లు, పెట్రోలు... నెలనెలా పెట్టిన ఖర్చంతా ఆ ప్రశ్నలో వినిపిస్తుంది. పిల్లవాడికీ వినిపిస్తుంది. ఏడుపు ఆపుకొని కారు అద్దంలోంచి బయటికి చూస్తాడు. పదో తరగతి దగ్గరపడేసరికి రాకెట్ అటక మీదికి చేరే ఇళ్లు కొన్ని ఇలాగే తయారవుతాయి.

కొందరు ఏమీ అనరు. సంచి అందుకుని భుజాన వేసుకుంటారు, అంతే. వెనక సీట్లోంచి నానమ్మ డబ్బా మూత తీస్తుంది. ఎవరు గెలిచారో ఆమె అడగదు.

‘ఆకలేస్తోందా నాన్నా? పులిహోర తెచ్చాను.’