సగటు ఒక్కటి చాలదు, పట్టిక గీసి చూడాలి

శ్రీ సిటీ (తిరుపతి జిల్లా): సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల్లో తెల్లారేసరికి కంపెనీ బస్సులు రోడ్డెక్కుతాయి. 2008లో శ్రీ సిటీ ఏర్పడక మునుపు ఇక్కడ మాటలన్నీ వరి, వేరుశనగ, మామిడి చుట్టూ తిరిగేవి. ఇప్పుడు ఇసుజు వాహనాలు, క్యాడ్‌బరీ చాక్లెట్లు, డైకిన్ ఏసీలు ఇక్కడే తయారవుతున్నాయి. 2013లో ట్రిపుల్ ఐటీ కూడా వచ్చింది. దాంతో బిడ్డను పనికి పంపబోయే తల్లిదండ్రుల నోట ఒక కొత్త ప్రశ్న వినబడుతున్నది: “నెలకు సగటున ఎంతిస్తారబ్బా?”

ఈ ప్రశ్నకు ఒక్క అంకె జవాబుగా వస్తుంది. ఆ అంకెను నమ్మి కొందరు బిడ్డ చదువు మానిపిస్తారు, కొందరు అప్పుకు వాయిదా కట్టుకుంటారు. ఆ ఒక్క అంకె వెనుక ఎంత మరుగుపడి వుందో తెలుసుకునే ఉపాయం మాత్రం ఆ ఇంట్లోనే, పదో తరగతి గణిత పుస్తకంలో వుంది. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత అనే రెండు పాఠాలవి. మార్కులు తేలిగ్గా వస్తాయని సూత్రాలు బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మరచిపోయే పాఠాలు కూడా అవే.

నలభై మంది లెక్క

ఒక ఊరి నుంచి 40 మంది పనికి వెళ్తున్నారని అనుకుందాం. ఇవి అభ్యాసం కోసం వేసుకున్న అంకెలే తప్ప ఏ కంపెనీ జీతాలూ కావు. ఒక్కొక్కరి జీతం విడిగా రాస్తే 40 అంకెలు కళ్లముందు గజిబిజిగా వుంటాయి. వాటిని గుంపులుగా చేస్తే ఇలా వస్తుంది:

8 నుంచి 12 వేల లోపు: 6 మంది
12 నుంచి 16 వేల లోపు: 14 మంది
16 నుంచి 20 వేల లోపు: 10 మంది
20 నుంచి 24 వేల లోపు: 6 మంది
24 నుంచి 28 వేల లోపు: 4 గురు

దీన్నే బడిలో వర్గీకృత దత్తాంశం అంటారు. ఒక్కో గుంపు ఒక తరగతి. అందులోని మనుషుల సంఖ్య పౌనఃపున్యం. సరిగ్గా 12 వేలు వచ్చే మనిషిని రెండో గుంపులోనే వేయాలి. లేకపోతే ఒకే మనిషి రెండు చోట్ల లెక్కకు వస్తాడు.

గుంపు కట్టగానే ఒక్కొక్కరి అసలు జీతం మనకు కనబడదు. అందువల్ల ప్రతి గుంపుకూ నడిమి విలువను తీసుకుంటాము: 10, 14, 18, 22, 26 వేలు. ఒక్కోదాన్ని మనుషుల సంఖ్యతో గుణిస్తే 60, 196, 180, 132, 104 వస్తాయి. మొత్తం 672 వేలు. 40తో భాగిస్తే 16.8, అంటే సగటు 16,800 రూపాయలు.

ఇక్కడ పిల్లలు తరచూ జారిపడే చోటు ఒకటుంది. గుంపులు ఐదున్నాయి కదా అని 5తో భాగించేస్తారు. భాగించవలసింది మనుషుల సంఖ్యతో, గుంపుల సంఖ్యతో కాదు.

పెద్ద అంకెలు గుణించడం కష్టమనిపిస్తే సోపాన విచలన పద్ధతి వుంది. నడుమ వున్న 18ని సగటుగా ఊహించుకోవాలి. కింది గుంపులు రెండూ వరుసగా మైనస్ 2, మైనస్ 1 మెట్లు, 18 వున్న గుంపు సున్న, పై గుంపులు 1, 2 మెట్లు. మనుషులతో గుణించి కూడితే మైనస్ 12 వస్తుంది. 40తో భాగించి, తరగతి వెడల్పు 4తో గుణిస్తే మైనస్ 1.2. పద్దెనిమిదిలో అది పోతే మళ్లీ 16.8. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే లెక్క సరిపోయినట్టే.

నడిమి మనిషి ఎక్కడున్నాడు?

సగటు 16,800 అనగానే సగం మందికి అంతకంటే ఎక్కువే వస్తుందని చాలామంది అనుకుంటారు. పట్టిక ఆ మాట చెప్పడం లేదు. కింది నుంచి మనుషులను కూడుకుంటూ పోతే 6, 20, 30, 36, 40 వస్తాయి. దీనిపేరు సంచిత పౌనఃపున్యం. నలభైలో సగం 20. ఆ 20 మంది 16 వేల దగ్గరే పూర్తయిపోయారు. కనుక మధ్యగతం 16,000 రూపాయలు. జీతాల వరుసలో ఊరిని రెండు సమభాగాలు చేసే గీత అది.

ఇక ఎక్కువమంది గుమిగూడిన చోటు 12 నుంచి 16 వేల గుంపు. అందులో 14 మంది, దానికి ముందు 6, తరువాత 10 మంది వున్నారు. బాహుళకం సూత్రంలో ఈ అంకెలు వేస్తే సుమారు 14,667 రూపాయలు వస్తుంది.

ఒకే ఊరు, ఒకే 40 మంది. అంకెలు మాత్రం మూడు: 16,800, 16,000, 14,667. మూడూ నిజమే. అయితే పై మెట్టున వున్న నలుగురికి తలా 20 వేలు జీతం పెంచారనుకోండి. మొత్తం 752 వేలు అవుతుంది, సగటు 18,800కు ఎగబాకుతుంది. మధ్యగతం మాత్రం 16,000 దగ్గరే కదలకుండా వుంటుంది. తక్కిన 36 మందికి ఒక్క రూపాయి కూడా పెరగలేదు మరి. “సగటు జీతం రెండు వేలు పెరిగింది” అన్న మాట అప్పుడూ అబద్ధం కాదు. కాని ఆ మాట విని పనిలో చేరే కుర్రవాడికి అందేది అది కాదు.

గీత చెప్పే సంగతి

ఈ పట్టికనే గ్రాఫు కాగితం మీద వేయవచ్చు. అడ్డగీత మీద జీతం, నిలువుగీత మీద మనుషుల సంఖ్య తీసుకుని, ఒకదానికొకటి ఆనించి దిమ్మెలు గీస్తే సోపాన రేఖాచిత్రం వస్తుంది. దిమ్మెల మధ్య సందు వుండకూడదు, ఎందుకంటే ఒక గుంపు ముగిసిన చోటే తరువాతిది మొదలవుతుంది. లెక్కలో 1–10, 11–20 అని ఇస్తే 0.5–10.5, 10.5–20.5గా సరిచేసుకున్న తరువాతే గీయాలి.

సంచిత పౌనఃపున్యాలతో గీసేది ఓజివ్ వక్రం. 8 వేల దగ్గర సున్నతో మొదలుపెట్టి 12 దగ్గర 6, 16 దగ్గర 20, 20 దగ్గర 30, 24 దగ్గర 36, 28 దగ్గర 40 గుర్తించి కలపాలి. నిలువుగీత మీద 20 నుంచి అడ్డంగా వెళ్లి, వక్రం తగిలిన చోటు నుంచి కిందికి దిగితే 16 వేలు కనబడుతుంది. అలాగే 16.8 దగ్గర నుంచి పైకి వెళ్తే సుమారు 22 తగులుతుంది. అంటే 40 మందిలో దాదాపు 22 మంది సగటుకు కిందనే వున్నారన్నమాట.

గ్రాఫును కూడా గుడ్డిగా నమ్మరాదు. నిలువుగీత సున్న నుంచి కాక 50 నుంచి మొదలైతే, 52కు, 56కు వున్న చిన్న తేడా మూడింతలుగా కనబడుతుంది. బొమ్మ చూసే ముందు గీత ఎక్కడ మొదలైందో చూడాలి.

చీటీ వేరు, బతుకు వేరు

ఆ 40 మంది పేర్లూ చీటీల మీద రాసి, కలిపి, ఒకటి తీశామనుకుందాం. 20 వేలు లేదా అంతకు పైన వచ్చేవారు 10 మంది. కనుక అలాంటివారి చీటీ వచ్చే సంభావ్యత నలభైకి పది, అంటే నాలుగింట ఒకటి. సంభావ్యత ఎప్పుడూ సున్నకూ ఒకటికీ మధ్యనే వుంటుంది. జవాబు ఒకటి దాటితే లెక్క తప్పినట్టే.

మా వాడు రేపు పనికి పోతే 20 వేలు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అని మాత్రం దీన్నిబట్టి అనకూడదు. చీటీలన్నీ సమానం, మనుషులు సమానం కారు. ఐటీఐ చదివినవాడి దారి వేరు, పది తప్పినవాడి దారి వేరు.

వాన విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఈ ప్రాంతానికి ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 30 ఏళ్ల నవంబరు లెక్కల్లో 9 సార్లు గట్టి వాన పడిందని అనుకుంటే సంభావ్యత పదింట మూడు. అంతేగాని మూడేళ్లకొకసారి వంతు ప్రకారం వస్తుందని కాదు. ఈ వైపు 2015 నవంబరులో కుండపోత వానలు కురిశాయి. మళ్లీ 2021 నవంబరులో తిరుపతి పరిసరాలు నీట మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. ఒక ఎడం ఆరేళ్లు, మరో ఎడం రెండేళ్లు. పోయిన ఏడు వచ్చింది కదా, ఈ ఏడు రాదులే అని వరికుప్పకు పట్ట కప్పకుండా వుంటే ఆ ధీమాకు లెక్కల్లో ఆధారం లేదు.

రైతు మడిలోనూ ఇదే పాఠం

పంటల బీమాకు దిగుబడి తేల్చే పంట కోత ప్రయోగాలు కూడా ఈ లెక్కల మీదే నడుస్తాయి. వరిలో సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరం కోసి తూకం వేస్తారు. అది ఎకరంలో సుమారు 162వ వంతు. అందులో 12 కిలోలు వస్తే ఎకరానికి సుమారు 1,944 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు దాదాపు 26. ఆ చదరాన్ని చీటీ తీసినట్టు ఎంపిక చేయాలి. బాగా పండిన మూల చూసి కోస్తే ఊరందరి దిగుబడీ ఎక్కువగా తేలి, నష్టపోయిన రైతుకు పరిహారం తగ్గిపోతుంది. కోత జరిగేటప్పుడు రైతులు దగ్గరుండి, చదరం ఎలా ఎంచారో అడగడం మంచిది.

కొద్ది పంటను కొలిచి మొత్తం పంటను అంచనా వేసే ఈ విద్యను మన దేశంలో పెంచినవారిలో ముఖ్యులు మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించారు. ఆ సంస్థలో దాదాపు 40 ఏళ్లు పనిచేసిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావుగా లోకమంతా ఎరిగిన ఆయన 1920లో పుట్టారు. ఆయన బాల్యంలో చదువుకున్న ఊళ్లలో ఇక్కడికి చేరువలోని గూడూరు ఒకటి. 1945లో ప్రచురించిన పరిశోధన ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంట్లోనే అభ్యాసం

ఈ పాఠం పట్టుబడాలంటే పుస్తకంలోని లెక్కలతోపాటు సొంత ఊరి లెక్క ఒకటి వేయాలి. డెయిరీకి పోసే పాల లీటర్లు, చెట్టుకు కాసిన మామిడికాయలు, ఇంటి కరెంటు బిల్లులు, ఏవైనా సరే 40 అంకెలు సేకరించండి. జీతాలు అడిగితే పేర్లు రాయకుండా చీటీల మీద అంకె మాత్రమే తీసుకోండి. ఐదారు సమానమైన గుంపులు చేయండి. ముందుగా ఏ గుంపులో ఎక్కువమంది వుంటారో ఊహించి రాసుకుని, తరువాత లెక్క వేయండి. సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ కట్టి గ్రాఫు గీయండి. మూడు అంకెలూ దగ్గరగా వున్నాయా, ఎడంగా వున్నాయా, ఎందుకలా వున్నాయో రెండు మాటల్లో రాయండి.

తల్లిదండ్రులు చేయవలసినది ఇంకా తేలిక. జీతం గురించి గాని, దిగుబడి గురించి గాని ఎవరైనా సగటు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతమందిని లెక్కించారు? వరుసలో నడిమి మనిషికి ఎంత వస్తున్నది? ఎక్కువమంది ఏ గుంపులో వున్నారు? జవాబు చెప్పగలిగినవారి మాట వినండి. చెప్పలేకపోతే, పదో తరగతి చదివే మీ బిడ్డ చేత పట్టిక గీయించిన తరువాతే నిర్ణయం తీసుకోండి.